హోంవర్క్ బదులు ఒక ఆట పంపండి: మన నర్సరీ బడులకు ఒక అవ్వ రాస్తున్న లేఖ

తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో నర్సరీ, ఎల్‌కేజీ, యూకేజీ తరగతులు నడుపుతున్న యాజమాన్యాలకు, ప్రిన్సిపాళ్లకు, ఆ తరగతుల మిస్సులకు

నమస్కారం.

మాది తిరుపతి కొర్లగుంట. చంద్రగిరి మండలంలో ఒక పల్లెలో 28 ఏళ్లు అంగన్‌వాడీ కార్యకర్తగా పనిచేసి, ఇప్పుడు కొడుకు దగ్గర ఉంటున్నాను. మా మనవడికి నాలుగేళ్లు దాటాయి, ఎల్‌కేజీ చదువుతున్నాడు. వాడి బడి పేరు ఇక్కడ రాయను. ఇది ఒక్క బడి సంగతి కాదు. మా వీధిలో ఆ ఈడు పిల్లలు ఆరుగురు ఉన్నారు. నాలుగు వేరు వేరు బడులకు పోతారు. ఆరుగురి బ్యాగుల్లోనూ అవే పుస్తకాలు, అదే హోంవర్క్.

పోయిన నెలలో ఒక రాత్రి జరిగింది చెబుతాను. కొడుకుది రేణిగుంట వైపు ఒక కంపెనీలో సెకండ్ షిఫ్ట్. కోడలు బట్టల షాపులో పని ముగించుకుని ఇంటికి వచ్చేసరికి ఎనిమిదిన్నర అయింది. డైరీ తెరిచి చూస్తే స్టాండింగ్ లైన్లు ఒక పేజీ, స్లాంటింగ్ లైన్లు ఒక పేజీ, ఏ నుంచి జెడ్ దాకా రెండుసార్లు, ఒకటి నుంచి యాభై దాకా అంకెలు. తొమ్మిదింటికి పిల్లోడు ఫోర్ లైన్స్ బుక్కు మీద తల వాల్చి, "అవ్వా, చెయ్యి నొస్తా ఉంది" అన్నాడు. కోడలు వాడి చెయ్యి పట్టుకుని ఇంకో పేజీ రాయించింది. అంతలో వాడు నిద్రపోయాడు. మిగిలింది ఆమే ఎడమచేత్తో రాసింది, పిల్లోడి రాతలాగా వంకరగా ఉండాలని. మర్నాడు ఆ పేజీ మీద స్టారు పడింది. అది చూసి కోడలు ఏడ్చింది.

ఆ రోజు నుంచీ ఈ లేఖ రాయాలనుకుంటున్నాను. మిమ్మల్ని అడిగేది ఒక్కటే. ఆరేళ్ల లోపు పిల్లలకు రాత హోంవర్క్ ఆపండి. దాని బదులు రోజూ డైరీలో ఒక ఆట రాసి పంపండి. ఇంట్లో ఉన్న వస్తువులతోనే, అమ్మ, నాన్న, అవ్వ, తాత, ఎవరుంటే వాళ్లు ఒక పావుగంట ఆడించగలిగే ఆట.

పిల్లోడి చెయ్యి నొచ్చింది వంకతో కాదు. పెద్దవాళ్ల మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయి. పుట్టినప్పుడు అవి ఎముకలే కావు, చెవి డొప్పలాగా మెత్తగా ఉంటాయి. ఏళ్లు గడిచేకొద్దీ ఒక్కొక్కటే గట్టిపడతాయి. నాలుగేళ్ల బిడ్డకు అందులో సగం పని ఇంకా మిగిలే ఉంటుంది. ఆ చేతికి పెన్సిల్ ఇచ్చి నాలుగు పేజీలు గీయమంటే వాడు వేళ్లతో కాదు, భుజంతో గీస్తాడు. పెన్సిల్‌ను పిడికిలితో పట్టుకుని, పేపర్ చిరిగేలాగా నొక్కుతాడు. ఇవన్నీ మీ మిస్సులు రోజూ చూస్తూనే ఉంటారు.

చేతిని రాతకు సిద్ధం చేసేవి వేరే ఉన్నాయి. మన సీమ ఇళ్లలో శనక్కాయలు ఉండని ఇల్లు తక్కువ. ఊరి నుంచి మా తమ్ముడు సంచిలో వేసి పంపుతాడు. సాయంత్రం చాటలో పోసుకుని వొలుస్తూ కూర్చుంటే మనవడు పక్కన చేరతాడు. కాయను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి, మధ్యవేలు ఆనించి నొక్కాలి. పెన్సిల్ పట్టేదీ ఆ మూడు వేళ్లే. మొదట్లో వాడికి పది కాయల్లో రెండు కూడా పగిలేవి కావు. నెల తిరిగేసరికి టప్‌మని పగలగొడుతున్నాడు. ఆ తర్వాత లెక్క వచ్చింది. కొన్ని కాయల్లో ఒక గింజ, కొన్నింటిలో రెండు, అప్పుడప్పుడు మూడు. మూడు గిన్నెలు పెట్టుకుని ఒక గింజ కాయల తొక్కలు ఒక దాంట్లో, రెండు గింజలవి ఇంకో దాంట్లో, మూడు గింజలవి మూడో దాంట్లో వేశాడు. చివర్లో చూసి, "అవ్వా, రెండుది నిండిపోయింది, మూడుది కొంచెమే ఉంది" అన్నాడు. ఎక్కువ, తక్కువ, విడదీయడం, పోల్చడం, లెక్కల్లో మొదటి మెట్టు ఇదే కదా. ఆ చాట ముందు వాడు ముప్పావుగంట కూర్చున్నాడు. ఫోర్ లైన్స్ బుక్కు ముందు పది నిమిషాలు కూర్చోడు.

ఒక జాగ్రత్త కూడా ఇక్కడే చెప్పాలి. శనగింజలు, చింతగింజలు, బఠాణీలు ముక్కులో పెట్టుకునే ఈడు ఇది. గొంతుకు అడ్డం పడితే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే మూడేళ్ల లోపు పిల్లలకు చిన్న గింజలు అసలు ఇవ్వకూడదు. పెద్ద పిల్లలకైనా పక్కన మనిషి ఉండి తీరాలి. గురివింద గింజలు చూడటానికి బాగుంటాయి గానీ విషం, ఇంట్లోకే రానివ్వకూడదు. డైరీలో ఆట రాసేటప్పుడు ఈ మాట కూడా ఒక వరస రాయండి.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది పూలమాల. మన తిరుపతిలో పూలు కట్టే ఇళ్లు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. మల్లెలు కట్టేటప్పుడు రెండు పూలు ఇటు, రెండు పూలు అటు పెట్టి దారంతో ముడి వేస్తాం. ఆ పూలు అందించే పని పిల్లలకు ఇచ్చి చూడండి. "రెండు ఇవ్వు నాయనా. ఇంకో రెండు ఇవ్వు." మా వాడు మొదట్లో చేతికి వచ్చినన్ని ఇచ్చేవాడు. నేను వద్దనలేదు, "ఇందులో నాకు రెండే కావాలి, మిగిలినవి నీ దగ్గరే పెట్టుకో" అనేదాన్ని. వారం రోజుల్లో అడగకుండానే రెండు, రెండు అందించడం మొదలుపెట్టాడు. ఒక రోజు నేను ముడి వేసేలోపు, "ఒక ముడికి నాలుగు పూలు అవ్వా" అన్నాడు. రెండు రెండ్లు నాలుగు అని వాడికి ఎవరూ చెప్పలేదు. వాడి వేళ్లే వాడికి చెప్పాయి. ఆ తర్వాత కనకాంబరాలు కలిపి కట్టాం. రెండు ముడులు తెల్లవి, ఒక ముడి ఎర్రది, మళ్లీ రెండు తెల్లవి. ఇప్పుడు ఏ రంగు రావాలో వాడే చెబుతాడు. మీ వర్క్‌బుక్కుల్లో 'ప్యాటర్న్' అని రంగులు వేయిస్తారే, అదే ఇది. పేజీ మీద అయితే ఎవరో గీసిన దానికి రంగు నింపుతాడు, మాలలో అయితే తానే తయారుచేస్తాడు. అది తలలో పెట్టుకుని వాళ్లమ్మ షాపుకు పోతే ఆ రోజంతా వాడికి పండగే.

ముగ్గు సంగతి వేరే చెప్పక్కర్లేదు, వాకిలి ఉన్న ప్రతి ఇంట్లోనూ ఉంది. అపార్టుమెంటులో వాకిలి లేకపోతే పళ్లెంలో బొంబాయి రవ్వ పలచగా పరిచి వేలితో గీయించవచ్చు. నాలుగేళ్ల బిడ్డకు మూడు చుక్కలు, మూడు వరసలు చాలు. చుక్కలు వరసలో పెట్టడమే వాడికి పెద్ద పని. ఎడమ నుంచి కుడికి, పై నుంచి కిందికి, సమానమైన ఎడం. ఐదేళ్లు దాటాక సందు చుక్క పెట్టించండి. మూడు, నాలుగు, ఐదు, మళ్లీ నాలుగు, మూడు. మొత్తం ఎన్ని అని లెక్కపెడితే 19. తప్పు పెడితే ముగ్గు కలవదు, అప్పుడు తానే వెతుక్కుంటాడు. అక్కడ ఎర్ర పెన్నుతో పని లేదు. స్టాండింగ్ లైన్, స్లీపింగ్ లైన్, స్లాంటింగ్ లైన్, కర్వ్, మీరు రాయించే గీతలన్నీ ముగ్గులో ఉన్నాయి. తెలుగు అక్షరాల్లో ఉన్న వంపులూ ఉన్నాయి.

ఇంకొకటి బస్సులో దొరికింది. తిరుపతి నుంచి చిత్తూరుకు పెళ్లికి పోతున్నాం. పిల్లోడు ఫోన్ కావాలని మారాం చేస్తుంటే, ఊరి పేర్లకు చప్పట్లు కొట్టే ఆట మొదలుపెట్టాను. కుప్పం అంటే రెండు చప్పట్లు: కు, ప్పం. చిత్తూరుకు మూడు. తిరుపతికి నాలుగు. పలమనేరుకు ఐదు. శ్రీకాళహస్తి దగ్గర ఇద్దరం తడబడ్డాం, మళ్లీ మెల్లగా పలికి చూస్తే ఐదు. పాకాల వచ్చేలోపు బస్సులో ముందు సీటు పిల్ల కూడా కలిసింది. తర్వాత ఇంట్లో వంట చేస్తూ ఆడుతున్నాం. "ప"తో మొదలయ్యేవి ఏమున్నాయి? పప్పు, పాలు, పెరుగు, పళ్లెం, పోపుల పెట్టె. ఇది మాటను చెవితో ముక్కలు చేయడం. చెవితో ముక్కలు చేయగలిగిన బిడ్డకు రేపు అక్షరం, గుణింతం నేర్పడం చాలా తేలిక. చెవికి అందని దాన్ని కంటికి చూపించి యాభైసార్లు రాయిస్తే, గీత వస్తుంది గానీ చదువు రాదు. నా 28 ఏళ్లలో ఇది ఎన్నోసార్లు చూశాను.

నగరి, పుత్తూరు, సత్యవేడు వైపు ఎన్నో ఇళ్లలో తమిళం మాట్లాడతారు. ఇంకొన్ని ఇళ్లలో ఉర్దూ. ఆ పిల్లలకు ఈ ఆట వాళ్ల ఇంటి మాటలోనే ఆడమని రాయండి. ఏ భాషలో ఆడినా చెవికి అదే పని. ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడండి అని మీటింగుల్లో చెబుతుంటారు. ఇంగ్లీషు రాని అవ్వా తాతలు ఆ మాట విన్నాక మనవళ్లతో మాట్లాడటానికే వెనకాడుతున్నారు. దయచేసి ఆ మాట చెప్పడం ఆపండి.

మెట్లు ఎక్కుతూ లెక్కపెట్టడం, ఉతికిన బట్టల్లో సాక్సులు జత కలపడం, కూరగాయల సంచిలో ఏముందో కళ్లు మూసుకుని తడిమి చెప్పడం, ఇలాంటివి మీ మిస్సులకు నేను నేర్పనక్కర్లేదు. అలిపిరి నుంచి కొండకు 3,550 మెట్లు. మా డాబాకు 18 మెట్లే, మా వాడికి అవి చాలు. పైకి ఎక్కుతూ ఒకటి నుంచి, దిగుతూ పద్దెనిమిది నుంచి.

నీళ్ల ఆట గురించి మాత్రం ఒక మాట. పొడుగు గ్లాసు, వెడల్పు గిన్నె ఇచ్చి, ఒకే చెంబుడు నీళ్లు ఒకసారి ఇందులో, ఇంకోసారి అందులో పోయించాను. "ఎందులో ఎక్కువ?" అంటే గ్లాసులోనే అన్నాడు. మళ్లీ చెంబులోకి పోసి చూపించినా అదే మాట. మా కోడలికి టెన్షన్ వచ్చింది, వీడికి అర్థం కావడం లేదా అని. అదేం లేదు. పిల్లల ఆలోచన ఎలా పెరుగుతుందో జీవితమంతా పరిశీలించిన స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త జాన్ పియాజె ఇదే పరీక్ష చేశాడు. ఆరేడేళ్లు వచ్చేదాకా చాలామంది పిల్లలు నీళ్ల ఎత్తునే చూస్తారు. చెప్పి మార్చేది కాదు, పోసి పోసి వాళ్లకే తెలియాలి. ఒకటి నుంచి యాభై దాకా ఆగకుండా రాసే బిడ్డ కూడా గ్లాసులోనే ఎక్కువ ఉన్నాయంటాడు. అంకె రాయడం వేరు, ఎంత అని తెలియడం వేరు.

ఇవి ముసలమ్మ మాటలు అనుకోకండి. జాతీయ విద్యా విధానం 2020 మూడు నుంచి ఎనిమిదేళ్ల దాకా పునాది దశ అని, అక్కడ చదువు ఆట ద్వారానే సాగాలని చెప్పింది. మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్ల లోపే జరుగుతుందని రాసింది అందులోనే. 2022లో వచ్చిన పునాది దశ పాఠ్యప్రణాళిక చట్రం ఆరేళ్ల లోపు పిల్లలకు పాఠ్యపుస్తకాలే నిర్ణయించకూడదంది. 2020 స్కూల్ బ్యాగ్ పాలసీ ప్రకారం ప్రీ ప్రైమరీ పిల్లలకు బ్యాగు అక్కర్లేదు, రెండో తరగతి దాకా హోంవర్క్ ఉండకూడదు. అంగన్‌వాడీల కోసం కేంద్రం 2024లో ఇచ్చిన ఆధారశిల ప్రణాళిక కూడా ఆట మీదే నడుస్తుంది. అంటే అంగన్‌వాడీకి పోయే కూలివాళ్ల బిడ్డకు ఆట ఉంది. ఏడాదికి వేలకు వేలు ఫీజు కట్టే మా వీధి పిల్లలకు లేదు.

మన ఊళ్లలో ఎన్నో నర్సరీ బడుల బోర్డుల మీద మాంటిస్సోరి అని ఉంటుంది. మేరియా మాంటిస్సోరి 1907లో రోమ్‌లో పేదవాడలో తన మొదటి బడి తెరిచారు. 1939లో మనకు పక్కనే ఉన్న మద్రాసుకు వచ్చి, అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. ఆమె పద్ధతిలో పిల్లలకు మొదట ఇచ్చే పనులు నీళ్లు ఒంపడం, గింజలు ఒక గిన్నె నుంచి ఇంకో గిన్నెకు మార్చడం, గుండీలు పెట్టుకోవడం, తుడవడం. అవన్నీ మన ఇంటి పనులే. ఆ పేరు బోర్డు మీద పెట్టుకున్న బడులైనా ఆ పనులను ఇంటికి పంపాలని నా కోరిక.

మీ కష్టం నాకు తెలియనిది కాదు. తల్లిదండ్రులే రాయించమని అడుగుతున్నారు, రాయించకపోతే పక్క బడికి పోతారు, అని మీరు అంటారు. నిజమే. నా అంగన్‌వాడీలో కూడా ఇదే జరిగింది. 'ఆటలే కదా, ఇక్కడ చదువేముంది' అని ఇద్దరు తల్లులు పిల్లలను మాన్పించి చంద్రగిరికి ఆటోలో పంపడం మొదలుపెట్టారు. భయపడి నేను కూడా ఒక ఏడాది పలకలు పట్టించి, పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా అక్షరాలు దిద్దించాను. ఆ ఏడాది పిల్లలు కేంద్రానికి రావడానికి ఏడ్చారు. అంతకు ముందు నేను తలుపు తీయకముందే అరుగు మీద కూర్చుని ఉండేవాళ్లు. మరుసటి ఏడాది తల్లులను పిలిచి, వాళ్ల ముందే పిల్లలతో చింతగింజలు విడదీయించి, ఏం నేర్చుకుంటున్నారో చెప్పాను. చెప్పాక ఎవరూ పలక అడగలేదు. తల్లిదండ్రులకు కనిపించాలి, అంతే. హోంవర్క్ బుక్కులో పేజీ నిండితే కనిపిస్తుంది, ఆటలో నేర్చింది కనిపించదు. కాబట్టి మీరే డైరీలో ఆట పక్కన ఒక వరసలో రాయండి, దీనివల్ల బిడ్డకు ఏం వస్తుందో. 'ఈ రోజు ఇంట్లో చపాతీ పిండి పిసకనివ్వండి. వేళ్లకు బలం వస్తుంది.' 'ఈ రోజు పడుకునే ముందు బడిలో ఏం జరిగిందో వరసగా చెప్పించండి, మధ్యలో తప్పులు దిద్దకండి. జ్ఞాపకం, మాట పెరుగుతాయి.' ఇలా ఏడాదికి సరిపడా ఆటలు మీ మిస్సులు నలుగురు కూర్చుంటే రెండు రోజుల్లో రాసేస్తారు. ఏ కంపెనీ కిట్టూ కొనక్కర్లేదు.

ఒక్క విన్నపం, ఆటను మళ్లీ ప్రాజెక్టు చేయకండి. ఫొటో తీసి గ్రూపులో పెట్టమనకండి. చార్టు, థర్మకోల్ తెమ్మనకండి. ఆడని రోజు డైరీలో ఎర్ర గుర్తు వేయకండి. కోడలు లాంటి తల్లి ఎనిమిదిన్నరకు ఇల్లు చేరి మళ్లీ స్టేషనరీ షాపుకు పరిగెత్తే పరిస్థితి రాకూడదు. ఆమె అన్నం వండుతుంటే బిడ్డ పక్కన కూర్చుని బియ్యం గ్లాసుతో కొలిచి పోస్తే, ఆ రోజు ఆట అయిపోయినట్టే. తండ్రులకు కూడా విడిగా రాయండి. డైరీలో ఎప్పుడూ 'మదర్' సంతకమే ఎందుకు ఉండాలి? ఆదివారం నాన్నతో కలిసి బైకు తుడిచే పని పెట్టండి, స్పానర్లు చిన్నది నుంచి పెద్దది దాకా వరసగా పేర్చే పని పెట్టండి.

ఫోన్ సంగతి కూడా దీంతోనే ముడిపడి ఉంది. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు రోజుకు గంటకు మించి స్క్రీన్ వద్దని, అంతకంటే తగ్గితే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. మూడు నాలుగేళ్ల పిల్లలు రోజుకు మూడు గంటలైనా ఒళ్లు కదిలించాలని కూడా చెప్పింది. మా వీధిలో చూస్తున్నాను, హోంవర్క్ రాస్తే ఫోన్ ఇస్తామని ఆశపెట్టి రాయిస్తున్నారు. బిడ్డ దృష్టిలో రాత శిక్ష అయింది, ఫోన్ బహుమతి అయింది. హోంవర్క్ ఆపితే ఆ బేరం కూడా ఆగుతుంది.

మా ఇంటి అటక మీద మా అత్తగారి నాటి వామనగుంటల చెక్క ఉంది. పద్నాలుగు గుంటలు, అటు ఏడు, ఇటు ఏడు. దాన్ని దించి, కడిగి, మనవడికి ఆట నేర్పుతున్నాను. ఇంకా గెలుపు ఓటములు తెలియవు, ఒక్కో గుంటలో ఒక్కో గింజ వేసుకుంటూ పోవడమే వాడికి ఆనందం. ఒక్కటి కూడా వదలకుండా, ఒక గుంటలో రెండు వేయకుండా, ఒకటికి ఒకటి. రాత్రి తొమ్మిదింటికి వాడి చేతిలో పెన్సిల్ ఉండాలా, ఈ గింజలు ఉండాలా అన్నది మీ డైరీలో మీరు రాసే ఒక్క వరస మీద ఆధారపడి ఉంది.

జూన్‌లో బడులు తెరిచేలోపు మీ మిస్సులతో మాట్లాడి ఒక నిర్ణయం తీసుకోండి. మొత్తం ఒకేసారి మార్చడం కష్టమనిపిస్తే, ముందు వారానికి రెండు రోజులు రాత హోంవర్క్ మానేసి ఆట పంపి చూడండి. ఒక నెల అయ్యాక తల్లిదండ్రుల మీటింగులో పిల్లల గురించి వాళ్లనే అడగండి. ఏ బడి అయినా సరే, పిలిస్తే నేను వస్తాను. రూపాయి అడగను. చాట, చింతగింజలు, మా వామనగుంటల చెక్క నేనే తెచ్చుకుంటాను. తల్లిదండ్రులను ఒక గంట కూర్చోబెట్టండి, చాలు.

ఇట్లు,
ఎల్‌కేజీ చదివే ఒక పిల్లోడి అవ్వ,
కొర్లగుంట, తిరుపతి